పూత ఆరేలోపు

రెజీనా పార్లర్ పెట్టి పదహారేళ్లయింది. ఈ పదహారేళ్లలో ఒకే సమయంలో ఇద్దరిని లోపలికి తీసుకున్న రోజులు లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు. ఈ గురువారం మధ్యాహ్నం ఆ పని చేసింది. చేసి పావుగంట కాకముందే, ఎందుకు చేశాను దేవుడా అని లోపల్లోపల మనసు పీకుతోంది.

పోయిన వారం మనం ఆమెను వదిలింది ఆ పావుగంట దగ్గరే. తోటపల్లి గూడూరు సెంటర్లో, రొయ్యల మేత అమ్మే దుకాణం పైన, ఇరవై రెండు మెట్లెక్కితే వచ్చే ఇరుకు గది అది. మధ్యలో పచ్చ పూల పరదా. పరదాకు అవతల, కిటికీ పక్క మంచం మీద, ముఖమంతా ముల్తానీ మట్టి పూతతో అబిగయీలు పడుకుని ఉంది. ఇవతల వాలు కుర్చీలో, చెప్పాపెట్టకుండా వచ్చిపడిన బిందు. బిందు వచ్చేటప్పటికి నిలువెల్లా వణుకుతోంది. చెప్పులు కూడా సరిగ్గా విడవలేదు. ఒకటి మెట్ల మీదే జారిపోయింది, ఒకటి గడప దగ్గర పడింది.

"ఈ పొద్దు నన్ను పంపించెయ్యబాకక్కా. ఇంటికి పోతే నాకేమైపోతాదో నాకే తెలీదు," అంది.

అంత మాట విన్నాక తలుపు వేసుకునే మనిషి కాదు రెజీనా. ఆమె మంచితనం అదే, ఆమె ప్రాణానికి తంటా కూడా అదే. పరదా వెనక ఇంకొకరు ఉన్నారని బిందుకు చెప్పాలనుకుంది. అబిగయీలు నిద్రపోతోంది కదా, నాలుగు నెలలుగా నోరు విప్పని పిల్ల, ఉన్నా లేనట్టేలే అని తనకు తానే సర్దిచెప్పుకుని ఊరుకుంది.

అబిగయీలు కథ మొదటి నుంచి చదువుతున్నవాళ్లకు తెలుసు. ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి.

ఆమె భర్త సుశీల్ కుమార్ చెరువుల మీద తిరిగే మెకానిక్. రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి అందించే చక్రాలుంటాయి, ఏరియేటర్లంటారు. అవి ఎక్కడ ఆగిపోయినా అతని ఫోనే మోగేది. ఒకప్పుడు బాగా తాగేవాడు. మూడేళ్ల కిందట, చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనలో సంఘమంతా చూస్తుండగా లేచి నిలబడి, ఇక మందు ముట్టనని ప్రమాణం చేశాడు. ముట్టలేదు కూడా. నాలుగు నెలల కిందట ఒక ఉదయం ఉప్పుకాలవలో బోర్లా తేలాడు. చొక్కా నిండా మందు వాసన. మళ్లీ మొదలుపెట్టినట్టున్నాడని అందరూ తలలూపారు. కేసు రాస్తే ఆ సంగతి కాగితం మీదికి ఎక్కుతుంది, సంఘానికి తలవంపులు అని పెద్దలు కూడబలుక్కుని, పోలీసులకు చెప్పకుండా, పోస్టుమార్టం లేకుండా ఆ సాయంత్రానికే సమాధి చేయించారు. పరువు కాపాడాలన్న ఆ తొందర ఎవరికి కలిసొచ్చిందో అప్పట్లో ఒక్కరికీ తట్టలేదు. పాస్టరు రూఫస్ గారు సమాధి దగ్గర, పాపం ఆయన ఉద్దేశం మంచిదే, "వెనక్కి జారిపోయిన ఈ సహోదరుణ్ణి కూడా క్షమించు ప్రభువా" అని ప్రార్థన చేశారు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి అబిగయీలు నోరు మూతపడింది.

నెల్లూరులో మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ, గొంతులో ఏ లోపమూ లేదని తేల్చి మాత్రలు రాసిచ్చింది. వెంట వెళ్లిన రెజీనాను పక్కకు పిలిచి ఒక ప్రశ్న అడిగింది: "మాత్రలు మానిపించొద్దు. కానీ, ఈ అమ్మాయిని ఎవరైనా తాకుతున్నారా?"

రెజీనాకు ముందు అర్థం కాలేదు. తిరుగు బస్సులో అర్థమైంది. మొగుడు పోయిన పది రోజులూ ఊరంతా వచ్చి ఆ పిల్లను పట్టుకుని ఏడ్చింది. పదకొండో రోజు నుంచి ఆమె ఒంటి మీద ఒక్క మనిషి చెయ్యి పడలేదు. తల దువ్వేవాళ్లు లేరు, భుజం తట్టేవాళ్లు లేరు. బతికున్న మనిషిని బతికుండగానే అందరూ పక్కన పెట్టేశారు.

ఆ తర్వాతి గురువారం నుంచి మధ్యాహ్నం రెండు గంటల వేళ అబిగయీలుది. పైసా తీసుకోదు రెజీనా. తను చేసేది వైద్యం కాదని ఆమెకు బాగా తెలుసు. ఆమెకు తెలిసిందల్లా వాళ్లమ్మ సామ్రాజ్యం నేర్పిన పని. సామ్రాజ్యమ్మ ఊళ్లో బాలింతలకు నూనె పట్టించి, పసిబిడ్డలను కాళ్ల మీద వేసుకుని స్నానం చేయించేది. "మనిషి ఏడుపంతా దవడ కింద దాచిపెట్టుకుంటాది మే, ముందు ఆడ వదులు చెయ్యి" అనేది. నిజంగానే అబిగయీలు చెవి కింద, దవడ మడత దగ్గర, చింతగింజంత గట్టిగా ఒక ముడి ఉండేది. మొదటి వారం వేలు పెట్టనివ్వలేదు. మూడో వారానికి ముడి కాస్త లొంగింది. ఆరో వారం, కనుబొమల మధ్య నుంచి నుదుటి మీదికి బొటనవేళ్లతో మెల్లగా రాస్తుంటే, పిల్ల నోరు కొంచెం తెరుచుకుని గుర్రు వచ్చింది. ఆ రోజు రెజీనా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు ప్రతి గురువారం అబిగయీలు అరగంటైనా నిద్రపోతోంది, నెల నుంచి ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తింటోందని వాళ్లత్త చెప్పింది. మాట ఒక్కటే రావాలి. ఇవ్వాళ కాకపోతే వచ్చే వారం వస్తుందని రెజీనా ఆశ.

ఒక అలవాటు మాత్రం రెజీనాకు అంతుపట్టలేదు. పని అయిపోయాక అబిగయీలు ఆమె కుడిచెయ్యి లాక్కుని, అరచేతిలో చూపుడువేలి మొదలు నుంచి మణికట్టు దాకా తన బొటనవేలితో అడ్డంగా ఒక గీత గీస్తుంది. మళ్లీ మళ్లీ గీస్తుంది. నొప్పి పుట్టేదాకా గీసి, రెజీనా ముఖంలోకి చూస్తుంది. తర్వాత భర్త చెప్పులు వేసుకుని వెళ్లిపోతుంది. అవును, అతని చెప్పులే. పనికి బూట్లు వేసుకుపోయేవాడు కాబట్టి అవి ఇంట్లో మిగిలాయి. నీలం హవాయి చెప్పులు, ఒకదాని పట్టీ తెగితే ఎర్ర కరెంటు తీగముక్కతో కట్టుకున్నాడు. ఆమె పాదాలకు అవి రెండంగుళాలు పెద్ద.

ఇక బిందు దగ్గరికి వద్దాం.

బిందు ఆత్మకూరు వైపు పిల్ల. వరి పొలాల మధ్య పెరిగి, పెళ్లయ్యాక ఈ ఉప్పు గాలిలోకి వచ్చింది. భర్త పెంచలకృష్ణకు సముద్రం దగ్గర్లో పద్నాలుగు చెరువులు. నెమ్మదస్తుడు, గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు లేరు. సుశీల్ పోయినప్పుడు శవపేటిక తెప్పించింది కూడా ఆయనే. నెలకోసారి ఫేషియల్‌కు వచ్చే బిందు ఈ మధ్య వారానికోసారి వస్తోంది. ముఖం కోసం కాదు. కుర్చీలో పడుకున్నాక రెజీనా తన మెడ కింద చేతులు పెట్టగానే, "అట్టనే ఉంచక్కా, తియ్యబాక" అంటుంది.

రెజీనా ఆమె తలను రెండు చేతుల్లోకి తీసుకుంది. వెచ్చబెట్టిన నువ్వులనూనె వేళ్లకు రాసుకుని మెడ వెనక నుంచి మొదలుపెట్టింది. మెడ నరాలు బిగదీసిన తాళ్లలా ఉన్నాయి. చల్లటి పన్నీటిలో ముంచిన దూది రెండు కళ్ల మీదా పెట్టింది.

ఆ దూది గురించి కూడా చెప్పాలి. రెజీనా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు కళ్ల మీద దూది పడగానే మాట్లాడటం మొదలుపెడతారు. ఎదురుగా ముఖం కనపడదు కదా, ఎవరేమనుకుంటారోనన్న బెరుకు ఉండదు. అత్తల మీద కోపాలు, పోయిన బిడ్డల తలపులు, ఎవరికీ చెప్పుకోలేని భయాలు అన్నీ బయటికొస్తాయి. రెజీనా ఊఁ అనదు, ఎందుకని అడగదు. చేతులు మాత్రం ఆపదు. దూది కింద మాట్లాడింది గడప దాటదని ఆమె నియమం. ఆ నియమం వల్లే ఈ గది నిండుతోంది, ఆ నియమం కోసమే వీలైనంతవరకూ ఇద్దరిని కలపదు.

ఆ నియమం ఇవ్వాళ తప్పిందని చెప్పడానికన్నట్టు, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

వాయుగుండం పట్టి రెండు రోజులు. ఆకాశం మధ్యాహ్నానికే నల్లగా దిగివచ్చింది, గాలి మాత్రం స్తంభించి ఆకు కూడా కదలడం లేదు. ఏసీ హోరు, ఫ్యాను గరగర ఒక్కసారిగా ఆగేసరికి గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. పరదా అవతల అబిగయీలు ఊపిరి వినపడింది. నిదానంగా, నిండుగా ఉంది. నిద్రలోనే ఉందని రెజీనా ధైర్యం తెచ్చుకుంది.

"కరెంటు పోయిందా అక్కా?" బిందు అడిగింది.

"పోయింది మా. నువ్వు పడుకో."

"పోతేనే బాగుంటాది," అంది బిందు. "మా ఇంట్లో కరెంటు ఉండేటప్పుడే నాకు భయం," అంది.

రెజీనా వేళ్లు ఆమె చెవుల వెనక తిరుగుతున్నాయి.

"చెరువుల చుట్టూ ఆయన తీగ లాగించినాడక్కా. రొయ్యలు దొంగలు ఎత్తకపోతా ఉండారని. దానికి కరెంటిచ్చినాడు. పగలు ఉండదు. సాయంత్రం ఆరు కొట్టంగానే మోటారు షెడ్డులో స్విచ్చి వెయ్యాల. ఆయన లేనప్పుడు నేనే వేస్తా. దేవుడి కాడ దీపం పెట్టొచ్చి, స్విచ్చి వేస్తా. రోజూ అంతే."

రెజీనా చేతులు నెమ్మదించాయి. ఎక్కడికో వెళుతోంది ఈ మాట. ఎక్కడికో తెలియదు గానీ, వెళ్లకూడని చోటికేనని ఆమె గుండె చెప్పింది.

"బిందమ్మా, ఇంక మాట్లాడబాక తల్లీ. ఊపిరి తీసుకో. మెల్లగా వదులు."

"చెప్పనీక్కా. నాలుగు నెలల్నించీ గొంతులో అడ్డం పడుండాది. ఆరోజు ఆయన నెల్లూరికి పొయ్యుండాడు. ఆరింటికి నేను స్విచ్చి వేసినా. ఆరున్నరకి మూడో చెరువులో చక్రాలు ఆగిపోయినాయి. గాలాడకపోతే రొయ్యంతా పొద్దున్నకి తేలిపోతాది, ఆయనొచ్చి నన్నంటాడు. ఆ భయంలో ఫోను తీసి మెకానిక్కుకి చేసినా. పరిగెత్తుకుంటా వచ్చినాడు పాపం. గట్టు మీద నిలబడి, ఏమ్మా లైటు లేదు, అన్నాడు. టార్చి తెస్తానని నేను లోపలికి పొయినా."

ఇక్కడ రెజీనా ఆపగలిగేదే. ఆ పెదవుల మీద వేలు పెట్టి ఉంటే, పరదా వెనక నిద్రపోయే పిల్ల ఇంకొన్నాళ్లు నిద్రపోయేది. ఆమె ఆపలేదు. తన చేతుల కిందికి వచ్చిన దుఃఖాలన్నీ విని ఊరుకోవడం అలవాటైన మనిషికి, మొదటిసారి ఒక మాట చివరిదాకా వినాలనిపించింది. ఆ తప్పు కూడా ఆమె ఖాతాలోదే.

"తీగ సంగతి చెప్పలేదక్కా నేను," అంది బిందు. "మర్చిపొయినా. ఒట్టు, మర్చిపొయినా! నేను టార్చితో వచ్చేలోపల ఆ మెకానిక్కు గట్టు దిగబొయ్యి, పడిపోకుండా చెయ్యేసి తీగ పట్టుకున్నాడు. కుడిచెయ్యి. అరిచేతిలో అడ్డంగా నల్లగా కాలిపోయింది. ఈ వేలి కాడ నించి మణికట్టు దాకా."

రెజీనా కుడి అరచెయ్యి బిందు బుగ్గ మీద ఉంది. అది ఒక్కసారి మండినట్టయింది. ప్రతి గురువారం ఆ చేతి మీద గీసిన గీత. నొప్పి పుట్టేదాకా గీసిన గీత. ఆ పిల్ల మూగగా ఉండిపోయిందని అందరూ అనుకున్నారు. ఆ పిల్ల చెబుతూనే ఉంది! శవాన్ని కడిగేటప్పుడు చూసింది. నాలుగు నెలలుగా, ఒకే ఒక్క మాటను, తెలిసిన ఒకే ఒక్క దారిలో చెబుతోంది. చేతులతోనే బతికే తాను, తన చేతి మీద రాసిన మాట చదవలేకపోయింది.

"మా ఆయనొచ్చినాడు. నన్ను గదిలో కూర్చోబెట్టినాడు," బిందు గొంతు ఇప్పుడు మరీ సన్నగా ఉంది. "ఊరు సద్దుమణిగినాక పనోడొకణ్ణి పిలిపించి శవాన్ని కాలవ కాడికి మోసినారు. పోతాపోతా బీరువాలో సీసా తీసుకుపొయినాడు. నోట్లో పోసినాడంట, చొక్కా మీద పోసినాడంట. తాగుబోతనుకుంటే ఎవురూ ఏమీ అడగరు, వాళ్ల సంఘమోళ్లే దాచిపెట్టుకుంటారు చూడు, అన్నాడు. అట్టనే జరిగింది. ఆయనకి అన్నీ తెలుసక్కా. ఇప్పుడు నేను నిద్దర్లో మాట్లాడతా ఉండానంట. పక్కన మేలుకోని వింటా ఉంటాడు. నిన్న పొద్దున కాఫీ ఇస్తా, బిందూ నీకు మతి సరిగా లేదు, దూరంగా ఒక ఆశ్రమముండాది, ఆడ వదిలిపెడతా, అన్నాడు. నవ్వతానే అన్నాడు."

పరదా అవతల ఏదో రాలింది.

చాలా చిన్న చప్పుడు. ఎండిన మట్టి పెచ్చు ప్లాస్టిక్ షీటు మీద పడితే వచ్చే చప్పుడు. పదహారేళ్లుగా వింటున్న రెజీనాకు అది ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పూత వేసేటప్పుడు ఎవరికైనా ఆమె చెప్పే మొదటి మాట అదే: ఆరేదాకా మాట్లాడకూడదు, నవ్వకూడదు, ఏడవకూడదు, కదిలితే పగులుతుంది. నిద్రపోయే మనిషి పూత పగలదు.

"అట్టనే పడుకో మా, దూది మార్చుకొస్తా," అని రెజీనా పరదా జానెడు పక్కకు జరిపి లోపలికి వెళ్లింది.

అబిగయీలు కళ్లు తెరుచుకుని పైకప్పును చూస్తున్నాయి. ముఖం మీది మట్టి కంటి కొస నుంచి చెవి దాకా, నోటి పక్క నుంచి గడ్డం దాకా చీలిపోయి ఉంది. చీలికల్లోంచి నీళ్లు కారి మట్టి బురదై మెడ మీదికి దిగింది. గొంతులోంచి చిన్న శబ్దం కూడా రావడం లేదు. ఎప్పుడు మేలుకుందో! ఏ మాట దగ్గర మేలుకుందో!

రెజీనా మోకాళ్ల మీద కూర్చుంది. కుడిచెయ్యి చాచింది. అబిగయీలు ఆ చెయ్యి అందుకుని, చూపుడువేలి మొదలు నుంచి మణికట్టు దాకా గీత గీసింది. ఒక్కసారే గీసింది. ఈసారి రెజీనా ఆ బొటనవేలిని తన పిడికిట్లో పట్టుకుని, తెలిసిందన్నట్టు గట్టిగా నొక్కింది. అబిగయీలు దవడ మడత దగ్గర ఏదో వదులైంది. రెజీనా తన కళ్లతో చూసింది.

తర్వాత పెదవుల మీద వేలు పెట్టుకుని చూపించింది. ఇప్పుడు కాదు తల్లీ, ఇప్పుడు కాదు. ఆ పిల్ల తన చేతి మీద గీసి చూపించిన సాక్ష్యం, సుశీల్ అరచెయ్యి, ఇంకా సంఘం సమాధుల్లో, మట్టి కింద ఉంది. దానికో దారి ఉంటుంది. ముందు వీళ్లిద్దరూ ప్రాణాలతో ఈ మెట్లు దిగాలి.

కింద కారు ఆగింది.

కుర్చీలో బిందుకు ఆ చప్పుడు తెలుసు. పాదాలు ముడుచుకుంది. కళ్ల మీద దూది మాత్రం తీయలేదు. చిన్నపిల్లలు కళ్లు మూసుకుంటే ఎవరికీ కనపడమనుకుంటారు, అట్లా పడుకుంది. రెజీనా పరదా మూసి ఆమె తల దగ్గర నిలబడేసరికి మెట్ల మీద టక్, టక్ మని మొదలైంది. ఏదో కర్రతో ఒక్కో మెట్టునూ తాకుతూ వస్తున్న మనిషి. ఇరవై రెండు మెట్లు. ఎక్కడా తొందర లేదు.

తలుపు దగ్గర పెంచలకృష్ణ నిలబడ్డాడు. తెల్లచొక్కా, ఒక చేతిలో బిందు గొడుగు, ఇంకో చేతిలో మెట్ల మీద జారిపోయిన ఆమె చెప్పు.

"రెజీనమ్మా, మా ఆమె ఈడనే ఉందా? వాన పడేటట్టుంది, గొడుగు మర్చిపొయ్యొచ్చింది."

"ఉందన్నా. తలకి కొంచెం నూనె రాస్తా ఉండా. ఐపోయింది."

"కానీమ్మా, నిదానంగా కానీ. నీ చేతి మహిమ అందరూ చెప్తారు." చిరునవ్వు నవ్వాడు. "ఇంటికాడ ఆమెకి నిద్దరుండదు. పట్టినా ఏందేందో మాట్లాడతా ఉంటాది. ఈడ కూడా ఏమన్నా మాట్లాడిందా?"

"ఈడికి అందరూ పడుకునేదానికే వస్తారన్నా," అంది రెజీనా.

"అంతేలే." అతను వంగి, చేతిలోని చెప్పును గడప దగ్గరున్న రెండో చెప్పు పక్కన జాగ్రత్తగా, సమంగా పెట్టాడు. భార్య చెప్పు మోసుకొచ్చి పెట్టే భర్తను ఎవరైనా మెచ్చుకుంటారు. పెట్టి లేవబోయి ఆగాడు. బిందు చెప్పుల పక్కన నీలం హవాయి చెప్పుల జత ఉంది.

"ఇవెవరివి రెజీనమ్మా? మగోళ్ల చెప్పుల్లాగుండాయే."

రెజీనా ఆదివారం బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు చెప్పే మనిషి. అబద్ధం ఆడిన సందర్భం గుర్తుకు రాదు. ఇప్పుడు అబద్ధం తేలికగా నోటికొచ్చేసింది.

"మా ఆయనవన్నా. బెన్హర్‌వి."

"అట్టనా?" గొడుగు కొనతో ఒక చెప్పును మెల్లగా తిప్పాడు. ఎర్ర తీగముక్క కనపడింది. "బెన్హర్ ఇప్పుడే కింద ఆటో కాడ పలకరించినాడే. కాళ్లకి చెప్పులేసుకోనే ఉండాడు."

దూరంగా సముద్రం వైపు ఒక ఉరుము దొర్లింది.

"లోపల ఇంకెవరన్నా ఉండారా?"

"ఎవరూ లేరన్నా."

పెంచలకృష్ణ లోపలికి రెండు అడుగులు వేశాడు. ముందు భార్య వైపు చూశాడు. దూది కింద నుంచి కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తర్వాత పచ్చ పూల పరదా వైపు చూశాడు. అతని ముఖంలో నవ్వు అట్లాగే ఉంది, కళ్లలోది మాత్రం ఎప్పుడో ఆరిపోయింది.

"ఈ ఎర్ర తీగ కట్టిన చెప్పులు యాడనో చూసినా," అన్నాడు ఆలోచిస్తున్నట్టు. "ఆఁ, గుర్తొచ్చింది. ఆ మెకానిక్కువి కదా. తాగి కాలవలో పడి సచ్చినోడివి."

రెజీనా చేతులు బిందు తలను వదిలేశాయి. పరదాకు అడ్డంగా వెళ్లాలని ఒక అడుగు వేసింది. ఆ అడుగు పూర్తి కాలేదు.

"తాగలా."

గొంతు బొంగురుగా, తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు వచ్చింది. నాలుగు నెలలుగా డాక్టరమ్మ, పాస్టరు, అత్త, అందరూ ఎదురుచూసిన గొంతు. రెజీనా ఈ క్షణం కోసం ఎన్ని గురువారాలు ప్రార్థన చేసిందో! వస్తే పరిగెత్తుకెళ్లి కౌగిలించుకోవాలనుకుంది. ఇప్పుడు ఆ గొంతు వింటూనే పెంచలకృష్ణ వైపు తిరిగింది.

పరదా పక్కకు జరిగింది. అబిగయీలు మంచం దిగి నిలబడింది. ముఖాన పగిలిన మట్టి, చీలికల మధ్య ఎర్రబడ్డ చర్మం.

"ఆ చెప్పులు మా ఆయనవి," అంది ఒక్కో మాటనూ కూడదీసుకుంటూ. "మా ఆయన ఆరోజు తాగలా. నువ్వు పోసినావు."

కుర్చీలో బిందు కెవ్వుమంది. దూది కిందపడింది.

పెంచలకృష్ణ ముగ్గురు ఆడవాళ్లనూ ఒకరి తర్వాత ఒకరిని నిదానంగా చూశాడు. గొడుగును గోడకు ఆనించి, వాళ్ల మీది నుంచి చూపు తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాచి, తలుపు మూసి గడియ పెట్టాడు.